ఊరే న్యూస్‌రూమ్: దూరవిద్యలో జర్నలిజం ఎలా బోధించాలి?

ఆదివారం ఉదయం పది గంటలు. జిల్లా కేంద్రంలో ఒక డిగ్రీ కళాశాల. వారమంతా రెగ్యులర్ విద్యార్థులు కూర్చునే బెంచీల మీద ఆ రోజు వేరే మనుషులుంటారు. ఒక ఆర్టీసీ కండక్టర్. ఒక అంగన్‌వాడీ టీచర్. పిల్లలు హైస్కూలుకు వచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన ఒక గృహిణి. ఐదేళ్లుగా మండలం నుంచి దినపత్రికకు వార్తలు పంపుతున్నా, లీడ్ ఎలా రాయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పని ఒక కంట్రిబ్యూటర్. వీళ్లకు మీరు జర్నలిజం చెప్పాలి. నెలకు రెండుసార్లు కలిస్తే గొప్ప. మిగతా రోజుల్లో మీకూ వాళ్లకూ మధ్య ఉండేవి ఒక పాఠ్యపుస్తకం, ఒక ఫోను.

కాళ్లకు బలపం కట్టుకుని తిరగాల్సిన వృత్తిని పుస్తకం పంపి నేర్పగలమా అని ఇలాంటి తరగతులు చెప్పడానికి కొత్తగా వచ్చిన కౌన్సెలర్లు అడుగుతుంటారు. చాలా ఏళ్లు ఈ పని చేశాక నాకు తెలిసింది ఇది: దూరవిద్య విద్యార్థి మనకు దూరంగా ఉన్నాడు గానీ వార్తకు దగ్గరగా ఉన్నాడు. క్యాంపస్‌లో చదివే పిల్లలు గ్రామసభ చూడాలంటే బస్సెక్కాలి. ఇతనికి పంచాయతీ ఆఫీసు వీధి చివరే. ఇతనికి కొరవడింది డెస్క్ ఒక్కటే. అంటే రాసింది చదివి, లోపం చూపించి, మళ్లీ రాయించే మనిషి. ఆ మనిషి మీరు కావాలి. ఎలాగో ఒక్కో అడుగుగా చూద్దాం.

ముందుగా తెలుసుకోవాల్సినవి

సార్వత్రిక విద్యకు తెలుగు నేలతో పాత బంధం ఉంది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడితే, మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి, 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి.

పాత కరస్పాండెన్స్ కోర్సుకూ సార్వత్రిక విద్యకూ తేడా గమనించండి. అక్కడ పాఠాలు పోస్టులో వచ్చేవి, చివర పరీక్ష ఉండేది. ఇక్కడ స్వయంగా చదువుకునేలా రాసిన పాఠం, స్టడీ సెంటర్‌లో తరగతులు, దిద్ది వెనక్కిచ్చే అసైన్‌మెంట్లు, రేడియో, వీడియో పాఠాలు అన్నీ కలిసి నడుస్తాయి. వీటిలో ఒక్కటి కుంటుపడినా కోర్సు మళ్లీ కరస్పాండెన్స్ కోర్సే అవుతుంది. జర్నలిజంలో మొదట కుంటుపడేది అసైన్‌మెంట్లు దిద్దడమే.

మొదటి అడుగు: ఎదుట ఉన్నదెవరో తెలుసుకోండి

మొదటి తరగతిలో సిలబస్ తెరవకండి. ఒక పేజీ కాగితం ఇచ్చి ఈ ఐదు సంగతులు రాయమనండి.

1. రోజుకు చదవడానికి దొరికే సమయం ఎంత, ఏ వేళలో?
2. ఫోను ఎలాంటిది? డేటా ఎంత? ఫోను సొంతమా, ఇంట్లో అందరిదా?
3. తెలుగు టైపింగ్ వచ్చా? యూనికోడ్‌లోనా, అను ఫాంట్లలోనా?
4. నడిచి వెళ్లగలిగే దూరంలో ఏ ప్రభుత్వ కార్యాలయాలు, ఏ సంతలు ఉన్నాయి?
5. ఇప్పటికే ఏదైనా పత్రికకు, చానెల్‌కు పనిచేస్తున్నారా?

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ దానివల్ల తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది. అను ఫాంట్లలో కొట్టిన కాపీ మీ ఫోనులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అందుకే అందరూ యూనికోడ్‌లోనే పంపాలని మొదటి రోజే చెప్పండి. ఫోను కీబోర్డుతో కొట్టినా, మాటను అక్షరంగా మార్చే సదుపాయం వాడి తర్వాత సరిచేసుకున్నా ఫరవాలేదు.

ఐదో ప్రశ్నకు 'అవును' అన్నవారిని ప్రత్యేకంగా చూసుకోండి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండలానికో విలేకరి కావలసి వచ్చాడు. అలా వేలమంది శిక్షణ లేకుండానే ఈ వృత్తిలోకి వచ్చారు. వాళ్లకు ఊరు తెలుసు, ఆఫీసులు తెలుసు, మనుషులు తెలుసు. తెలియనిది రాతలోని క్రమం. తరగతిలో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పండి. వాళ్ల అనుభవం మిగతావారికి పాఠ్యపుస్తకం.

రెండో అడుగు: 'తెలుసుకోవాలి' అన్న మాట కొట్టేసి 'చేయగలగాలి' అని రాయండి

'వార్తా నిర్వచనాలను విద్యార్థి తెలుసుకుంటాడు' అనే లక్ష్యంతో విలేకరి తయారుకాడు. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో పది వాక్యాల్లో రాయండి. గ్రామసభకు హాజరై 250 పదాల వార్త రాయగలగాలి. ఇద్దరు సంబంధిత వ్యక్తుల దగ్గర ఒకే సమాచారాన్ని సరిచూసుకోగలగాలి. మూడు నిమిషాల రేడియో ముక్క తయారుచేయగలగాలి. ఇలా.

తర్వాత సమయం లెక్క వేయండి. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల రిపోర్టింగ్ కోర్సుకు 120 గంటలు. నేనైతే ఇలా పంచుతాను: చదవడానికి 45 గంటలు, బయట తిరిగి సమాచారం సేకరించడానికి 40, రాయడానికి, తిరగరాయడానికి 25, తరగతులకు 10. చదువుకు సగం కంటే తక్కువ ఇచ్చానని గమనించారు కదా. ఈత పుస్తకం ఎంత చదివినా నీళ్లలో దిగకపోతే ఈత రాదు.

మూడో అడుగు: పాఠాన్ని మాట్లాడుతున్నట్టు రాయండి

దూరవిద్య పాఠం ఎలా ఉండాలో ఆలోచించినవారిలో స్వీడన్‌కు చెందిన బోర్యే హోల్మ్‌బర్గ్ ముఖ్యుడు. మంచి పాఠం విద్యార్థితో సాగే సంభాషణలా ఉండాలన్నది ఆయన వాదన. అమెరికా పండితుడు మైకేల్ మూర్ ఇంకో మంచి సంగతి పట్టుకున్నాడు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు, ఉపాధ్యాయుడికీ విద్యార్థికీ మధ్య అవగాహనలో ఉన్న ఎడమే అసలు దూరం. సంభాషణ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ముందు బెంచీలో కూర్చున్నా ఆ దూరం ఉండొచ్చు, వంద మైళ్ల అవతల ఉన్నా లేకపోవచ్చు.

ఆచరణలో దీనికి నాలుగు పద్ధతులు:

• ఒక విభాగంలో ఒక్క సంగతే చెప్పండి. రెండు పేజీలు దాటనివ్వకండి.
• ప్రతి విభాగం చివర ఒక ప్రశ్న వేసి, జవాబు రాసుకోవడానికి ఖాళీ గీతలు వదలండి. నమూనా జవాబు యూనిట్ చివర పెట్టండి.
• 'విద్యార్థి గమనించవలెను' అని రాయకండి. 'మీరు గమనించండి' అనండి.
• ఉదాహరణ మన ఊరిదే కావాలి. వార్తా విలువల్లో 'సామీప్యం' గురించి చెప్పాలంటే దూరదేశంలో రైలు ప్రమాదం, పక్క ఊళ్లో కూలిన కల్వర్టు పక్కపక్కన పెట్టి, ఏది జిల్లా పేజీలో ముందు వస్తుందో, ఎందుకో అడగండి.

తలకిందుల పిరమిడ్ గురించి నాలుగు పేజీల చరిత్ర అక్కర్లేదు. ఎనిమిది వాక్యాల వార్తను కలగాపులగం చేసి ఇచ్చి, ముఖ్యమైనది ముందుకు వచ్చేలా వరస పెట్టమనండి. తర్వాత డెస్క్‌లో స్థలం చాలలేదని, చివరి మూడు వాక్యాలు కొట్టేయమనండి. వార్త ఇంకా నిలబడితే ఆ నిర్మాణం ఎందుకు పుట్టిందో విద్యార్థికి అర్థమైనట్టే.

నాలుగో అడుగు: వారానికో పని, అదీ వాళ్ల ఊళ్లోనే

అసైన్‌మెంట్ అంటే 'పత్రికల పుట్టుపూర్వోత్తరాలు రాయండి' అనే వ్యాసప్రశ్న అనుకుంటే అందరి దగ్గర నుంచీ ఒకే గైడులోని ఒకే జవాబు వస్తుంది. ఊరిని బట్టి పని ఇస్తే ఎవరి జవాబు వారిదే అవుతుంది. మొదటి ఎనిమిది వారాలకు ఒక నమూనా:

1వ వారం: సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాలి.
2వ వారం: రైతు బజారులో లేదా సంతలో ఐదు కూరగాయల ధరలు రాసుకుని, కొన్నవారితో, అమ్మినవారితో మాట్లాడి 150 పదాల వార్త.
3వ వారం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఉదయం.
4వ వారం: పంచాయతీ లేదా మున్సిపల్ సమావేశం.
5వ వారం: ఊళ్లో ఒక వృత్తి మనిషితో ముఖాముఖి.
6వ వారం: వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక స్థానిక సందేశం నిజమో కాదో తేల్చడం.
7వ వారం: ఫోనుతో రెండు నిమిషాల వీడియో వార్త.
8వ వారం: సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ఆధారంగా వార్త.

దరఖాస్తును మొదటి వారంలోనే పెట్టించడానికి కారణం ఉంది. 2005 నాటి చట్టం ప్రకారం జవాబివ్వడానికి అధికారులకు 30 రోజుల గడువు. ఆలస్యంగా అడిగితే కోర్సు అయిపోతుంది, జవాబు రాదు. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 'మా ఊరి బడి మరమ్మతులకు గత రెండేళ్లలో ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది?' లాంటి సూటి ప్రశ్న ఒక్కటి చాలు. జవాబు రాకపోతే అదీ ఒక పాఠమే. మొదటి అప్పీలు ఎలా చేయాలో అప్పుడు నేర్పండి.

ఐదో అడుగు: కాపీ దిద్దండి, త్వరగా దిద్దండి

మిగతా అడుగులన్నీ దీని కోసమే. దిద్దని అసైన్‌మెంట్ విద్యార్థికి ఒక మాట చెబుతుంది: నువ్వు రాసింది ఎవరూ చదవలేదు. 'బాగుంది, 7 మార్కులు' అన్నా దాదాపు అదే అర్థం.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. మూడో వారం పనికి విద్యార్థి ఇలా మొదలుపెట్టాడనుకోండి:

'మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సమస్యలు తాండవిస్తున్నాయి. అధికారులు ఇకనైనా స్పందించాలని ప్రజలు కోరుతున్నారు.'

ఈ రెండు వాక్యాలు ఏ మండలానికైనా, ఏ సంవత్సరానికైనా సరిపోతాయి. ఆరోగ్య కేంద్రానికి వెళ్లకుండానే రాయొచ్చు. దీన్ని మీరే తిరగరాసి ఇవ్వకండి. ప్రశ్నలు వేయండి. ఏ సమస్య? ఎన్నాళ్లుగా? ఎవరు ఇబ్బంది పడ్డారు? వాళ్లతో మాట్లాడావా? వైద్యాధికారి ఏమన్నారు? రెండోసారి వెళ్లొచ్చాక అతని కాపీ ఇలా మారుతుంది:

'ఆరోగ్య కేంద్రంలో మూడు వారాలుగా కుక్కకాటు టీకా లేదు. టీకా కోసం వచ్చినవారిని 28 కిలోమీటర్ల దూరంలోని ఏరియా ఆసుపత్రికి పంపుతున్నారు. ఇండెంట్ పెట్టామని, నాలుగు రోజుల్లో వస్తుందని వైద్యాధికారి చెప్పారు.'

రెండో కాపీలో విశేషణం ఒక్కటీ లేదు. అయినా చదివినవాడికి కోపం వస్తుంది, దానికి కారణం వివరాలే. ఈ తేడా విద్యార్థి ఒక్కసారి సొంతంగా చూస్తే 'సమస్యల వలయం', 'నిమ్మకు నీరెత్తినట్లు' లాంటి అరిగిన మాటలు తనంతట తనే వదిలేస్తాడు.

దిద్దడంలో నేను పాటించే నియమాలు ఇవి. ఏడు రోజుల్లో తిరిగి పంపాలి. మొదట ఒక మంచి సంగతి, అదీ నిర్దిష్టంగా చెప్పాలి: 'సంతలో ముసలామె మాటను ఆమె యాసలోనే ఉంచావు, బాగుంది.' ఒక్క కాపీకి మూడు లోపాలకు మించి చూపకూడదు. ఎర్ర సిరా పేజీ నిండితే విద్యార్థి ఏదీ సరిచేసుకోలేడు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే ఇంకా మేలు. గొంతులోని ఆప్యాయత అక్షరంలో రాదు. చివరగా, తిరగరాసిన కాపీకే మార్కులు వేయాలి, మొదటి కాపీకి కాదు.

ముప్పైమంది కాపీలు వారంలో దిద్దలేమంటే మూడు బృందాలు చేయండి. ఒక్కో వారం ఒక్కో బృందానికి మీ దిద్దుబాటు, మిగతా రెండు బృందాల వారు ఒకరి కాపీ ఒకరు చూసుకోవాలి. సబ్ఎడిటర్ కన్ను అలా కూడా అలవడుతుంది.

ఆరో అడుగు: ఆదివారం తరగతిని న్యూస్‌రూమ్ చేయండి

పుస్తకంలో ఉన్నది మళ్లీ చెప్పడానికి బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవారి రోజును ఖర్చు చేయకండి. రెండున్నర గంటలకు ఈ పథకం ప్రయత్నించండి. మొదటి ఇరవై నిమిషాలు ఎడిటోరియల్ మీటింగ్: ఎవరి ఊళ్లో ఏం జరుగుతోందో ఒక్కొక్కరు ఒక్క వాక్యంలో చెప్పాలి. తర్వాత అరగంట మాక్ ప్రెస్‌మీట్: మీరు తహసీల్దారు పాత్ర వేయండి, కొన్ని సంగతులు దాచండి, వాళ్లు ప్రశ్నలతో రాబట్టాలి. నలభై నిమిషాల్లో అక్కడే కాపీ రాయాలి. అరగంటలో కాపీలు మార్చుకుని ఎడిట్ చేసి, ఐదు మాటలకు మించని శీర్షిక పెట్టాలి. మిగిలిన అరగంట చర్చ.

రాలేనివారి కోసం ఆ ప్రెస్‌మీట్‌ను ఫోనులో రికార్డు చేసి పంపండి. వీడియో అక్కర్లేదు, ఆడియో చాలు. డేటా తక్కువ పడుతుంది, పొలంలోనో బస్సులోనో వినవచ్చు.

ఏడో అడుగు: చేతిలోని ఫోనే స్టూడియో

ఖరీదైన పరికరాలు లేవని దిగులు వద్దు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని నడిపేది గ్రామీణ దళిత మహిళలు. విత్తనాలు, వంటలు, పండుగలు, పాటలు అన్నీ వాళ్ల మాటల్లోనే వినిపిస్తాయి. తరగతిలో దాని గురించి తప్పక చెప్పండి. మైకు ముందు మాట్లాడటానికి పట్నపు యాస అవసరమన్న భయం పోతుంది.

ఆడియోకు మూడు సూచనలు చాలు: ఫ్యాను ఆపాలి, ఫోను మాట్లాడేవారి నోటికి జానెడు దూరంలో పట్టుకోవాలి, మాట మొదలయ్యే ముందు అక్కడి పరిసర ధ్వనిని అర నిమిషం రికార్డు చేసుకోవాలి. వీడియోకు ఐదు షాట్ల పద్ధతి నేర్పండి. కుమ్మరి కుండ చేస్తుంటే చేతులు దగ్గరగా, ముఖం దగ్గరగా, మనిషీ చక్రమూ కలిపి దూరంగా, భుజం మీదుగా, చివరకు ఇంకో కొత్త కోణంలో. ఒక్కోటి పది సెకన్లు కదలకుండా. ఈ ఐదూ ఉంటే కథ అతుకుతుంది.

ఎనిమిదో అడుగు: చట్టం, నైతికత, భద్రత ముందే చెప్పండి

క్యాంపస్‌లో తప్పు జరగబోతే ఆపడానికి మీరు పక్కనే ఉంటారు. దూరవిద్యలో ఉండరు. కాబట్టి బయటకు పంపే ముందే ఈ సంగతులు రాతపూర్వకంగా ఇవ్వండి. లైంగిక నేరాల బాధితుల పేరు, ఫొటో, వారిని గుర్తుపట్టే ఏ వివరమూ ప్రచురించకూడదు. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్, పెద్దల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఈ సంగతి చెబుతాయి. ఊరి పేరు, బడి పేరు, తండ్రి వృత్తి రాసినా చిన్న ఊళ్లో మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఈ మాట రెండుసార్లు చెప్పండి. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన పాత్రికేయ ప్రవర్తన నియమావళిని చదివించి, ఒక్కో నియమానికి ఊళ్లో ఒక ఉదాహరణ రాయించండి.

విద్యార్థి ఎక్కడికి వెళ్లినా తాను విద్యార్థినని ముందే చెప్పాలి, విలేకరినని చెప్పుకోకూడదు. స్టడీ సెంటర్ నుంచి పరిచయ లేఖ ఇప్పించండి. ఇసుక, భూమి తగాదాల జోలికి ఒంటరిగా వెళ్లొద్దని స్పష్టంగా చెప్పండి. మార్కుల కోసం ఎవరూ దెబ్బలు తినకూడదు.

తొమ్మిదో అడుగు: సరిచూడటం నేర్పండి, సరిచూడండి

ఫొటో అసలు ఎప్పటిదో రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో వెతకడం పది నిమిషాల్లో నేర్పొచ్చు. నకిలీ వార్తల మీద యునెస్కో 2018లో తెచ్చిన పాత్రికేయ శిక్షణ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, మీరు ఒకసారి చదవండి.

ఇప్పుడు కృత్రిమ మేధతో నిమిషంలో కాపీ తయారవుతుంది. దాన్ని పట్టుకునే సాధనాల వెంట పడేకంటే, పని రూపాన్నే మార్చడం మేలు. ప్రతి కాపీతో పాటు నోటుబుక్కు పేజీ ఫొటో, మాట్లాడిన మనుషుల జాబితా, ఒక ఆడియో ముక్క అడగండి. ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడితే వెళ్లొచ్చినవాడెవరో, కూర్చుని తయారుచేసినవాడెవరో తెలిసిపోతుంది.

పదో అడుగు: మార్కులు పనికి వేయండి

ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్ల వాటా 30 శాతం, చివరి పరీక్షది 70 శాతం. మీ విశ్వవిద్యాలయం నిబంధన ఏదైనా, చేతిలో ఉన్న వాటాను విద్యార్థి సొంత పనుల ఫైలుకు కేటాయించండి. ఎనిమిది పనుల్లో మెరుగైన ఐదు, వాటి మొదటి కాపీ, చివరి కాపీ రెండూ అందులో ఉండాలి. కచ్చితత్వం, మాట్లాడిన మనుషులు, నిర్మాణం, భాష, తిరగరాతలో మెరుగుదల అనే ఐదు అంశాలకు సమానంగా మార్కులు వేసి, ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎడిటర్ అడిగేది ఆ ఫైలే.

పదకొండో అడుగు: పని ఆగగానే ఫోన్ చేయండి

దూరవిద్యలో విద్యార్థి వెళ్లిపోతానని చెప్పి వెళ్లడు. ఒక అసైన్‌మెంట్ రాదు, తర్వాత రెండోదీ రాదు, అంతే. మొదటిది రానప్పుడే ఫోన్ చేయండి. 'ఎందుకు పంపలేదు?' అనొద్దు. 'ఏమ్మా, ఈ వారం ఎక్కడ ఆగింది?' అనండి. నాట్లు పడుతున్నాయనో, ఇంట్లో అత్తగారికి బాగోలేదనో, తహసీల్దారు ఆఫీసులోకి వెళ్లడానికి భయమేసిందనో తెలుస్తుంది. మొదటి రెండింటికి గడువు పెంచండి. మూడోదానికి తోడుగా ఇంకో విద్యార్థిని పంపండి.

మొదటి నెల చెక్‌లిస్టు

• విద్యార్థుల వివరాల కాగితాలు చేతికి వచ్చాయా?
• అందరూ యూనికోడ్‌లో ఒక పేరా టైప్ చేసి పంపారా?
• పరిచయ లేఖలు, నైతిక నియమాల కాగితం అందాయా?
• సమాచార హక్కు దరఖాస్తులు వెళ్లాయా?
• ప్రతి ఒక్కరి కాపీ కనీసం ఒకటి దిద్ది వెనక్కి పంపారా?

ఇన్ని అడుగులు ఒక్కసారే వేయనక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చారా? మీ దగ్గర దిద్దకుండా పడి ఉన్న అసైన్‌మెంట్ల కట్ట నుంచి పైన ఉన్న ఒక్కటి తీయండి. పూర్తిగా చదవండి. ఒక మంచి మాట, మూడు ప్రశ్నలు రాసి ఈ సాయంత్రమే పంపండి. ఎక్కడో ఒక ఊళ్లో, పని ముగించుకుని వచ్చిన మనిషి ఆ ప్రశ్నలు చదివి, రేపు ఉదయం ఆరోగ్య కేంద్రానికి మళ్లీ వెళ్తాడు.